గండికోట శస్త్రపేటిక

జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారు గండి యంచున నిలిచిన కోటను చూడవచ్చిన వారికి మాధవరాయస్వామి గోపురమును, జుమ్మా మసీదు మీనారులను, ధాన్యాగారమును, కత్తుల కోనేరును చూపించి, పెమ్మసాని నాయకుల పరాక్రమమును, గోలకొండ సేనాని మీర్ జుమ్లా ముట్టడిని వర్ణించి చెప్పుట మా సీమలో పరిపాటి. ఆ కథలలో ఫిరంగులు మ్రోగును, గుఱ్ఱములు పరుగెత్తును, ద్రోహులును వీరులును కనబడుదురు. వైద్యుడు మాత్రము కనబడడు. అయినను ఒక వైద్యుని పెట్టె యీ కోటచరిత్రలోనికి ఎట్లో వచ్చి చేరినది. నేడు హైదరాబాదు ఆసుపత్రులలో రోబో సాయమున ప్రోస్టేట్ క్యాన్సరునకు చేయుచున్న శస్త్రచికిత్సను గూర్చి వ్రాయబూనినప్పుడు నాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది ఆ పెట్టెయే.

1652వ సంవత్సరము సెప్టెంబరు మాసారంభమున ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియరు గండికోటకు వచ్చెను. గోలకొండ సుల్తానునకు అమ్మదలచిన ముత్యములను ముందుగా మీర్ జుమ్లాకు చూపింపవలసియుండుట వలన, ఆ మంత్రి యెక్కడ దండు విడిసియుండిన అక్కడికే వర్తకుడు పోవలసివచ్చినది. కొండను తొలిచి చేసిన బాట కొన్నిచోట్ల ఇరువది యడుగుల వెడల్పు గలిగి, మరికొన్నిచోట్ల ఏడెనిమిది యడుగులకు కుదించుకొనిపోవుటయు, ప్రక్కనే భయంకరమైన లోయయు, దాని యడుగున పారు నదియు, పైకెక్కిన పిమ్మట ఊటనీటితో పండు వరిచేలును చూచి అతడు విస్మితుడై వ్రాసినాడు. నేటికిని ఆ గండి యంచున నిలువబడి క్రిందికి చూచినవాడు ఆ వర్ణనలో అతిశయోక్తి లేదని ఒప్పుకొనును.

ఆ దండులో టావెర్నియరునకు బూర్జ్ నగరవాసి యగు క్లోద్ మాయి యను స్వదేశీయుడు కనబడెను. డచ్చివారి కొలువులో చేరి బటావియాకు వచ్చి, అక్కడి గవర్నరుగారి తోటలో జలయంత్రములు నిర్మించు పనిలో నుండి, ఆ పనియు ఆ యాదరణయు నచ్చక, మీర్ జుమ్లా కడకు పోవు డచ్చి రాయబారి పరివారములో ఎట్లో చోటు సంపాదించుకొన్నవాడీతడు. రాయబారము ముగిసి మరునాడు ప్రయాణమనగా, ఆ రాయబారి వెంట వచ్చిన శస్త్రవైద్యుని పనిముట్ల పెట్టెను, మందులను, పట్టీలను ఎత్తుకొని దాగి, తనవారందరును వెడలిపోయిన పిమ్మట వెలుపలికి వచ్చి, మీర్ జుమ్లా నవాబు కొలువులో శస్త్రవైద్యుడుగా ప్రవేశించెను. కొంతకాలమునకు తాను ఫిరంగులు పేల్చుటలోను పోతపోయుటలోను నేర్పరినని విన్నవించుకొని ఫిరంగిదళములోనికి మారిపోయెను. 48 పౌన్ల గుండ్లను పేల్చునవి 10, 24 పౌన్ల గుండ్లను పేల్చునవి 10, మొత్తము 20 ఫిరంగులు పోయవలెనని నవాబు ఆజ్ఞ. రాగికై నలుదిక్కుల దేవాలయముల విగ్రహములను తెప్పించిరి. తక్కినవన్నియు కరగినవి గాని గండికోట గుడిలోని ఆరు రాగివిగ్రహములు, వానిలో మూడు పది యడుగుల యెత్తు గలవి, ఎంత వ్యయపరచినను కరగలేదనియు, అర్చకులు మంత్రము వేసిరని నవాబు వారిని బెదరించెననియు టావెర్నియరు చెప్పినాడు. తుదకు మాయి పోసిన ఫిరంగులేవియు సరిగా తేలలేదు. అతడు ఆ పనిని విడిచి వెడలిపోయెను.

ఈ కథను చదివినవారు సాధారణముగా కరగని విగ్రహముల యొద్ద ఆగుదురు. నా మనస్సు మాత్రము ఆ పెట్టె యొద్దనే ఆగును. పెన్నాతీరమునకు ఐరోపా శస్త్రవైద్యము వచ్చిన రీతి అది. సేన వెంట వచ్చినది, దొరల కొరకు వచ్చినది, విద్య లేని చేతిలో పడినది. ఆ రాజ్యములలో ప్రభువుల కొలువున నున్నవారు తప్ప వేరు వైద్యులు లేరనియు, వానలు కురిసిన పిమ్మట పల్లె స్త్రీలు ప్రాతఃకాలమున పొలములకు పోయి తమ కుటుంబముల రోగములకు తగిన మూలికలను ఏరుకొనుచుందురనియు ఆ వర్తకుడే వ్రాసినాడు. సుల్తానునకు శిరోవేదన కలిగి నాలుక క్రింద రక్తము తీయవలసివచ్చినప్పుడు ఆ పనికి పీటర్ దె లాన్ అను డచ్చి వైద్యుని నియమించి, ఎనిమిది ఔన్సులకు మించి తీసిన ప్రాణము దక్కదని హెచ్చరించిరట. శస్త్రవైద్యుని చేయి రాజునకొకటి, పల్లె స్త్రీలు ఏరిన ఆకు ప్రజలకొకటి. నాటి వ్యవస్థ అది.

అయితే ఈ దేశీయులకు శస్త్రవిద్య యేమియు తెలియదని టావెర్నియరు చేసిన తీర్మానమును నేనంగీకరింపజాలను. మంగలి చేతి కత్తి గడ్డలను కోయుచునేయుండెను. ఎముకలు సరిచేసి కట్టు కట్టు విద్య మా సీమలో పుత్తూరు కట్టు పేర నేటికిని జీవించియున్నది. అంతకు మించి, అప్పటికే వేయేండ్లకు పైబడిన సుశ్రుతసంహితలో మూత్రాశయమునకు చేయు శస్త్రచికిత్స వివరింపబడియున్న తీరు, నేటి వైద్యుడు చదివినను ఆశ్చర్యపడదగినది. ఆ గ్రంథమునందు గుదమునకును మూత్రాశయమునకును నడుమ గట్టిపడి నిలిచి మూత్రమార్గమును అడ్డగించు గ్రంథి వాతాష్ఠీల యను పేర వర్ణింపబడినది. వృద్ధాప్యమున మూత్రము బొట్లుబొట్లుగా వచ్చుటయు, ఒకనాడు బొత్తిగా ఆగిపోవుటయు, ప్రతి పల్లెలోను ముసలివారు ఎవరితోను చెప్పుకొనలేక సహించు బాధ. దానికి ప్రాచీనుడగు సుశ్రుతుడు స్థానమును సరిగానే గుర్తించినాడు.

అశ్మరిని, అనగా మూత్రాశయములోని రాతిని, తీయు విధానము అందులో ఇంకను సూక్ష్మముగా చెప్పబడినది. శస్త్రము చేయకున్న మరణము నిశ్చితము, చేసినను ఫలము సందిగ్ధము గనుక ముందుగా రాజానుమతి పొందవలెను. రోగిని బలిష్ఠుడగు మరియొకని యొడిలో వెల్లకిల పరుండబెట్టి, గోళ్లు తీసి నేయి పూసిన ఎడమచేతి వ్రేళ్లను గుదమున చొప్పించి రాతిని క్రిందికి తెచ్చి, సీవనికి, అనగా గుదమునకు ముందున్న కుట్టువంటి గీతకు, ఎడమవైపున యవగింజ మందము విడిచి కోయవలెను. పిమ్మట ఆయన తాకరాని స్థానములను ఎనిమిదింటిని పేర్కొని, ఒక్కొక్కటి గాయపడిన ఏమగునో చెప్పినాడు. శుక్రవాహిని తెగిన మరణమో నపుంసకత్వమో సంభవించును. మూత్రప్రసేకము గాయపడిన మూత్రము నిలువక కారుచుండును.

ఇరువదియవ శతాబ్దమున ప్రోస్టేట్ శస్త్రచికిత్స చేసిన ప్రతి వైద్యుని నిద్రకు దూరము చేసిన భయములు సరిగా ఈ రెండే. ఆ గ్రంథి పెద్ద ఉసిరికాయంత యుండును. పైన మూత్రాశయము, వెనుక మలాశయము, క్రింద మూత్రమును పట్టియుంచు కండరము, ఇరుప్రక్కల లైంగికశక్తికి ఆధారమైన సన్నని నరములు, ముందు ఒక్క పోటున రక్తమును వెల్లువగా విడుచు సిరల గుంపు; వీని నడుమ కటివలయపు లోతులో అది దాగియున్నది. క్యాన్సరు సోకినప్పుడు గ్రంథిని సంపూర్ణముగా తీసివేయవలెను, చుట్టునున్న వానిలో దేనిని చెడగొట్టరాదు. కనుక ఈ శస్త్రచికిత్స చరిత్ర యంతయు నా దృష్టిలో ఏమి కోయవలెనో నేర్చుకొన్న చరిత్ర కాదు; ఏమి కోయక విడువవలెనో మెల్లమెల్లగా నేర్చుకొన్న చరిత్ర.

ఆ నేర్పునకు మొదట కన్ను లేదు, వ్రేలే యుండెను. భారతదేశపు సైనికవైద్యశాఖలో 1875 మొదలు ఇరువదియేండ్లు ఉత్తరదేశమున పనిచేసి, మూత్రాశయములోని రాళ్లను లోపలనే నలిపి తీయుటలో ఖ్యాతి గడించి, రాంపూరు నవాబునకు చికిత్స చేసి లక్షరూపాయల బహుమానము పొందిన పీటర్ ఫ్రేయరు, స్వదేశమునకు మరలిన పిమ్మట 1900 డిసెంబరులో లండనులో ఒక వృద్ధుని పొత్తికడుపు కోసి, మూత్రాశయములోనికి వ్రేలు చొప్పించి, పెరిగిన ప్రోస్టేట్ భాగమును వ్రేలితోనే వలిచి వెలికి తీసెను. అది క్యాన్సరు కాదు, వయస్సుతో వచ్చు పెరుగుదల. క్యాన్సరునకై సంపూర్ణముగా గ్రంథిని తొలగించు శస్త్రచికిత్సను 1904లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ చేసినాడు. అతడు పోయిన దారి సుశ్రుతుని దారియే, గుదమునకు ముందు భాగమును చీల్చి పైకి పోవుట. 1940ల మధ్యమున టెరెన్స్ మిల్లిన్ అను ఐరిష్ వైద్యుడు పొత్తికడుపు నుండి, మూత్రాశయమును చీల్చకయే, గ్రంథిని చేరు మార్గమును చూపెను. రోగులు బ్రతికిరి. అయితే వారిలో పెక్కుమంది పురుషత్వమును కోల్పోయిరి, కొందరు జీవితాంతము తడిగుడ్డలతో వేగిరి. అందువలన అనేకులు శస్త్రమునకంటె రోగమునే మేలని యెంచిరి.

మత్తుమందు లేనిదే యీ పనులేవియు సాగవు. క్లోరోఫారము గుండెను చంపునా, శ్వాసను చంపునా యను వివాదమును తీర్చుటకు 1888, 1889 సంవత్సరములలో రెండు కమిషన్లు పనిచేసినది మన హైదరాబాదులోనే, నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో, ఎడ్వర్డ్ లారీ నాయకత్వమున. ఆ తీర్మానము తరువాతి పరిశోధనకు నిలువకపోయినను, ప్రపంచ వైద్యపత్రికలు హైదరాబాదు వైపు చూచిన కాలమది. దాదాపు అదేకాలమున గండికోటకు దాపునే, జమ్మలమడుగులో, లండన్ మిషనుకు చెందిన వైద్యుడు టి. వి. క్యాంబెల్ ఆసుపత్రిని నడుపనారంభించెను. నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్న ఆ ఆసుపత్రి మా ప్రాంతమున సామాన్యునకు శస్త్రవైద్యమును అందించిన తొలి సంస్థలలో నొకటి. మీర్ జుమ్లా దండులో దొంగిలింపబడిన పెట్టెకును, జమ్మలమడుగు ఆసుపత్రి బల్లపై పరచిన పనిముట్లకును నడుమ రెండువందల యేబది యేండ్లు గడచినవి. ఈసారి పనిముట్లు విద్య నేర్చిన చేతితో కూడి వచ్చినవి, రాజు కొరకు గాక రైతు కొరకు వచ్చినవి.

విడువవలసిన దానిని కంటితో చూచుట 1981లో సంభవించినది. హాప్కిన్స్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పాట్రిక్ వాల్ష్ డచ్చి నగరమగు లైడెన్‌కు పోయినప్పుడు, ఉద్యోగవిరమణ చేసిన పీటర్ డాంకర్ అను వృద్ధవైద్యుడు మృతశిశువు శరీరమును ఓపికతో విడదీయుచు నరముల దారులను పరిశీలించుచుండెను. పెద్దవారి శరీరమున క్రొవ్వుతో కప్పబడి కనబడని ఆ నరములు శిశుశరీరమున స్పష్టముగా కనబడెను. అవి గ్రంథి లోనుండి పోవునని అంతవరకు తలచిరి. అవి గ్రంథి వెలుపల, ఇరుప్రక్కల, దానిని ఆనుకొని పోవుచున్నవని ఆ ఇద్దరును చూచిరి. 1982 ఏప్రిల్ 26న వాల్ష్ ఆ నరములను బుద్ధిపూర్వకముగా కాపాడుచు గ్రంథిని తీసివేసెను. రోబోను గూర్చి మాటలాడు ప్రతివారును మొదట నమస్కరింపవలసినది లైడెన్‌లోని ఆ చిన్నగదికి. దారి యక్కడ దొరికినది. తరువాత వచ్చిన యంత్రము ఆ దారిలో చక్కగా నడచుటకు పనికివచ్చినది.

ఇక కడుపును కోయక, చిన్న రంధ్రముల ద్వారా పొడవైన కడ్డీలను చొప్పించి లాపరోస్కోపుతో చూచుచు పనిచేయు విధానమును 1990లలో ప్రోస్టేట్ క్యాన్సరునకు అమెరికాలో షూస్లరు ప్రయత్నించి, తొమ్మిదిమందికి చేసిన ఫలితములను 1997లో ప్రకటించి, పాత విధానముకంటె మేలేమియు లేదని ఒప్పుకొన్నాడు. మరుసటి యేడు పారిస్‌లో గియోనో, వలాన్సియెన్ అను ఇరువురు దానినే సాధనచే సుసాధ్యము చేసిరి. అయితే ఆ కడ్డీలకు మణికట్టు లేదు. చేయి కుడికి పోయిన కడ్డీకొన ఎడమకు పోవును. ఆ లోతులో సూది త్రిప్పి కుట్టు వేయుట సంవత్సరముల సాధన గల కొలదిమందికే సాధ్యమాయెను.

యంత్రములలో రెండు జాతులు అప్పటికే తలయెత్తినవి. లండన్ ఇంపీరియల్ కళాశాలలో బ్రయాన్ డేవీస్ బృందము రూపొందించిన ప్రోబాట్ అను యంత్రము, ముందుగా ఇచ్చిన కొలతలనుబట్టి, పెరిగిన ప్రోస్టేట్‌ను మూత్రమార్గము గుండా తనంతట తానే తొలిచెడిది. 1990ల ఆరంభమున రోగులపై పరీక్షింపబడినను అది వ్యాప్తిలోనికి రాలేదు. రెండవజాతి యంత్రము తనంతట తానేమియు చేయదు; దూరముననున్న చేతిని అనుకరించును. ఈ యాలోచనను పెంచి పోషించినది అమెరికా సైన్యము. రణభూమిలో గాయపడిన సైనికునికి, వెనుకనున్న సురక్షితస్థలము నుండి వైద్యుడు శస్త్రచికిత్స చేయగలుగవలెనని రిచర్డ్ సటావా వంటి సైనికవైద్యులు తలచి, కాలిఫోర్నియాలోని పరిశోధనాలయములకు అండగా నిలిచిరి. గండికోట దండులో శస్త్రపేటిక ఫిరంగికి తోడుగా వచ్చినట్లే యీ యంత్రమును సేనల యవసరమునుండియే పుట్టినది. సైన్యమునకు అది ఉపయోగపడలేదు. 1995లో స్థాపితమైన ఇంట్యూటివ్ సర్జికల్ సంస్థ ఆ విద్యను కొని డావిన్చీ యను యంత్రమును నిర్మించి, 2000లో అమెరికా ప్రభుత్వామోదమును పొందెను. ఆ సంవత్సరమే ఫ్రాంక్‌ఫర్ట్‌లో బైండరు దానితో ప్రోస్టేట్‌ను తొలగించెను.

ఆ శస్త్రచికిత్స జరుగు గదిని దగ్గరగా చూడవలెను. మత్తులో నున్న రోగిని తల క్రిందికి, కాళ్లు మీదికి వంచిన బల్లపై పరుండబెట్టి, కడుపును బొగ్గుపులుసువాయువుతో ఉబ్బించి, ఐదారు చిన్న రంధ్రములు చేసి, వానిలో యంత్రపు బాహువులను చొప్పింతురు. ఆ వాయువు ఒత్తిడి వలన సిరలనుండి కారు రక్తము తగ్గును. శస్త్రవైద్యుడు రోగి ప్రక్క నుండడు. కొన్ని యడుగుల దూరమున కన్సోల్ ముందు కూర్చుండి, నుదురును ఆనించి, రెండు కన్నులకు వేరువేరుగా అందు చిత్రములో కటివలయపు లోతును పదిరెట్లు పెద్దదిగా, లోతుతో సహా చూచును. అతని బొటనవ్రేలును చూపుడువ్రేలును రెండు చిన్న పట్టీలలో నుండును. పాదముల క్రింద మీటలుండును. వ్రేళ్లు కదలినంత మేర లోపల, ఎనిమిది మిల్లీమీటర్ల మందము గల పనిముట్టు కొసన నున్న చిన్న మణికట్టు కదలును. చేయి మూడు సెంటీమీటర్లు కదలిన కొన ఒక సెంటీమీటరు మాత్రమే కదలునట్లు అమర్చవచ్చును. చేతివణకు లోపలికి చేరదు. మూత్రాశయమును ముందుభాగమునుండి దింపి, దాని మెడను కోసి, వెనుకనున్న శుక్రకోశములను విడిపించి, పిమ్మట ఇరుప్రక్కల నరములున్న పలుచని పొరను గ్రంథిపైనుండి మెల్లగా వలిచి ప్రక్కకు తొలగించును. ఇక్కడ పరుగు పనికిరాదు, నిప్పుతో మాడ్చుట పనికిరాదు. సుశ్రుతుడు విడువుమన్న యవమాత్రము వంటి యెడము ఇక్కడ మిల్లీమీటర్లలో నిలుచును. గ్రంథిని సంచిలో వేసి వెలికి తీసిన పిమ్మట, తెగిన మూత్రనాళమును మూత్రాశయపు మెడకు చుట్టుకుట్టుతో కలుపుట కడపటి పని. మూత్రాశయములో నుంచిన రబ్బరు గొట్టమును సుమారు వారముదినములు నిలిపి తీసివేయుదురు.

ఈ యంత్రమున చిరకాలము స్పర్శ లేకుండెను. దారము బిగిసినదో లేదో వైద్యుడు తాకి తెలిసికొనలేకుండెను. కంటితో చూచి తెలిసికొనవలసియుండెను. ఫ్రేయరు వ్రేలితో చూచినాడు, కంటితో చూడలేదు. డావిన్చీ ముందు కూర్చున్నవాడు కంటితో తాకినాడు, వ్రేలితో తాకలేకపోయినాడు. శతాబ్దకాలమున సంభవించిన మార్పులలో నాకు ఇంతకంటె లోతైనది కనబడదు. నూటయొక్క యంత్రములను పేర్కొని వానిలో హస్తమే ప్రధానతమమని సుశ్రుతుడు చెప్పియున్నాడు. తనంతట తానే తొలుచు ప్రోబాట్ అంతరించి, చేతికి లోబడిన డావిన్చీ నిలిచినదనగా ఆ మాట ఇరువదియొకటవ శతాబ్దమునను చెల్లినట్లే. శిష్యుడు గుమ్మడి, సొర, దోసకాయలపై కోతను, నీరు నింపిన తోలుసంచులపై భేదనమును అభ్యసింపవలెనని ఆయన చెప్పిన యోగ్యావిధియు రూపము మారి నిలిచియే యున్నది. రోబో నేర్చువారు మొదట తెరపై కల్పితశరీరమున గంటలకొలది సాధన చేయుదురు.

యంత్రము వచ్చినంతనే విద్య రాలేదు. ఆ విద్యను క్రమబద్ధము చేసిన చోటు అమెరికాలోని డిట్రాయిట్ నగరము. ఆ కథలో ఒక తెలుగు ఇంటిపేరు శాశ్వతముగా నిలిచిపోయినది. కేరళదేశమున జన్మించి, పుదుచ్చేరి జిప్మర్‌లో వైద్యము చదివి, హాప్కిన్స్‌లో శిక్షణ పొందిన మణి మేనన్ 1997లో అక్కడి హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో మూత్రకోశ శస్త్రవైద్యశాఖకు అధిపతి ఆయెను. ఆయన పారిస్ వైద్యులను పిలిపించి లాపరోస్కోపు విధానమును నేర్వబోయి, అది అందరికిని అందునది కాదని గ్రహించి, రోబో వైపు మరలెను. ఆ మిషిగన్ రాష్ట్రముననే 1985లో సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించి పెంచిన ఆంధ్రుడు రాజ్ వట్టికూటి, ఆయన భార్య పద్మ, 2001లో రెండు ఆసుపత్రులకు మొత్తము నాలుగుకోట్ల డాలర్ల విరాళమిచ్చిరి. అందు సగము హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ప్రోస్టేట్ క్యాన్సరు పనికి చేరినది. వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ అట్లు వెలసెను. మేనన్ బృందము రూపొందించిన పద్ధతికి వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రోస్టేటెక్టమీ అనియే పేరు. 2007లో వారు 2,652 మంది రోగుల ఫలితములను ప్రకటించిరి. నరములను కప్పియున్న పొరను ఎంత పైవరకు వలిచి కాపాడవచ్చునో ఆ బృందము చూపినది. పది పదునైదేండ్లలోనే అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సరు శస్త్రచికిత్సలలో అత్యధికభాగము రోబోతో జరుగు స్థితి యేర్పడినది. ప్రవాసాంధ్రులు స్వగ్రామమున గుడికట్టించుటయు, కళ్యాణమండపము కట్టించుటయు చూచియున్నాము; పరాయి దేశపు ఆసుపత్రిలో ఒక విద్యకే పునాది వేసిన ఈ దానము వానికంటె ఎంతో దూరము పోయినదని నా దృఢవిశ్వాసము.

భారతదేశమునకు డావిన్చీ 2002 ప్రాంతమున ఢిల్లీలో గుండె శస్త్రచికిత్సలకై వచ్చినది. 2006లో ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ మూత్రకోశ చికిత్సలకు దానిని వినియోగింపనారంభించెను. పిమ్మట వట్టికూటి ఫౌండేషన్ దేశమందలి ఆసుపత్రులలో శిక్షణలకును ప్రచారమునకును పూనుకొన్నది. హైదరాబాదులోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఒకటొకటిగా రోబోలను తెప్పించుకొన్నవి. 2023లో ప్రభుత్వవ్యయముతో నిమ్స్ ఆసుపత్రికి రోబో వచ్చినది. ఇది నా లెక్కలో ముఖ్యమైన ఘట్టము. ఒక్కొక్క యంత్రము కోట్ల రూపాయల వెల గలది; తొలినాళ్లలో దాని పనిముట్టు ఒక్కొక్కటి పదిసార్లు వాడినంతనే పనిచేయుట మానునట్లు అమర్చబడియుండెడిది, మరల క్రొత్తది కొనవలెను. అట్టిదానిని సామాన్యుని చేరువకు తెచ్చుట ప్రభుత్వ ఆసుపత్రికే సాధ్యము.

ఇంత చెప్పిన పిమ్మట, రోబో వలన రోగికి ఒరిగినదేమి యని అడుగక తప్పదు. రక్తనష్టము తగ్గినది, గాయములు చిన్నవైనవి, ఇంటికి పోవు దినము దగ్గరపడినది, ఇవి నిస్సందేహములు. అయితే ఆ ప్రాచీనభయములు రెండింటి మాట యేమి? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున 326 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒకజట్టునకు కడుపు కోసి, మరియొక జట్టునకు రోబోతో చేసి, 2016లోను 2018లోను ఫలితములు ప్రకటించిరి. మూత్రమును నిలుపుకొను శక్తిలోను, లైంగికశక్తిలోను రెండేండ్లు గడచినను రెండు జట్లకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. చేయి నేర్పరిదైనప్పుడు దారి యేదైనను ఫలమొక్కటియే యని దీనివలన నాకు తోచుచున్నది. కనుక ఆసుపత్రికి పోయిన మావాడు రోబో ఉన్నదా యని అడుగుటకంటె, అయ్యా, మీరు ఈ ఆపరేషన్లు ఎన్ని చేసినారు, చేయించుకొన్నవారు ఎట్లున్నారు అని అడుగుట మేలు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. బ్రిటన్‌లో 1,643 మంది రోగులపై సాగిన ప్రొటెక్ట్ పరిశోధన, గ్రంథిలోనే నిలిచియున్న క్యాన్సరును శస్త్రముతో తీసినను, కిరణములతో చికిత్స చేసినను, జాగ్రత్తగా కనిపెట్టియుండి అవసరమైనప్పుడే చికిత్స చేసినను, పదునైదేండ్లకు ఆ రోగమువలన మరణించినవారు నూటికి సుమారు మువ్వురేయని 2023లో తేల్చినది. విడిచిపెట్టు విద్య ఇక్కడ నరముల యొద్దనే ఆగక, గ్రంథి దాకను వచ్చినది. అయితే ఈ ఎంపిక యంతయు రోగము గ్రంథి దాటకముందే కనిపెట్టబడినవారికి మాత్రమే. మా సీమలో ముసలివాడు మూత్రము ఆగిపోయినప్పుడో, నడుమునొప్పితో మంచము పట్టినప్పుడో ఆసుపత్రి ముఖము చూచును. అప్పటికి క్యాన్సరు ఎముకలకు ప్రాకియుండిన ఏ రోబోయు చేయగలది లేదు. హార్మోను మందులే శరణ్యము. ఆ చికిత్సకు 1941లో చార్లెస్ హగ్గిన్స్ దారి చూపి, తరువాత నోబెల్ బహుమానము పొందెను.

దూరమునుండి శస్త్రచికిత్స చేయు సైనికుల కల యేమైనదనిన, 2001 సెప్టెంబరు 7న న్యూయార్కులో కూర్చున్న జాక్ మారెస్కో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో నున్న ఒక స్త్రీకి పిత్తాశయమును తొలగించి దానిని నిజము చేసెను. గండికోట గ్రామస్థునికి హైదరాబాదు వైద్యుని చేయి అట్లు అందు దినము అసంభవమని నేననను. కాని ఆ దినమునను రోగి ప్రక్కన యంత్రమును అమర్చి, ఆపద వచ్చిన కడుపు కోయగల వైద్యుడు ఉండియే తీరవలెను. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలము వైద్యాధికారిగా పనిచేసిన వై. ఎస్. రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రియై 2007లో ఆరోగ్యశ్రీని ప్రారంభించినప్పుడు, నిరుపేద రైతు సైతము పెద్ద ఆసుపత్రి గడప త్రొక్కగలిగెను. ఇప్పుడు కావలసినది ఆ గడపకు ముందరి మెట్టు. ఏబది దాటిన మగవాడు మూత్రబాధను సిగ్గుపడక చెప్పుకొనుటకు ఒక వైద్యుడు, అవసరమైనవారికి పి.ఎస్.ఎ. రక్తపరీక్ష, సందేహము తోచినచో కడపకో, కర్నూలుకో, తిరుపతికో చీటి వ్రాసి పంపు ఏర్పాటు; ఇవి తాలూకా ఆసుపత్రిలోనే జరుగవలెను. వీనికి కోట్లు అక్కరలేదు. వీనికై మా ప్రాంతపు పెద్దలును ప్రవాసాంధ్రులును పూనుకొందురని గట్టిగా ఆశించుచున్నాను.